పీఎస్ 5 బొమ్మ తెల్లబారుతున్నదా? కేబుల్ కొనకముందు ఇవి చూడు

మిర్యాలగూడ నుంచి అడిగిన తమ్ముడి సమస్య ముందు చెప్త, మిగతావాళ్లకు గూడ పనికొస్తది. ఇంట్లో 55 ఇంచుల 4కే టీవీ, కొత్తగ తెచ్చిన పీఎస్ 5 (ప్లేస్టేషన్ 5 గేమ్ కన్సోల్). గేమ్ పెడితే బొమ్మంతా సున్నపు తేట పోసినట్టు తెల్లబారి ఉంటున్నది. హెచ్‌డీఆర్ (వెలుగు, చీకటి తేడా ఎక్కువ చూపించే పద్ధతి) ఆన్ చేస్తే ఉల్టా చీకటి పడ్తున్నది. క్రికెట్ గేమ్‌లో బటన్ నొక్కినంక బ్యాటు జర ఆగి లేస్తున్నది. అదే గేమ్ దోస్తు ఇంట్లో ఇంతకంటే తక్కువ ధర టీవీ మీద మంచిగ కనిపిస్తున్నది. ఒకరు కేబుల్ మార్చమన్నరు, ఇంకొకరు స్టెబిలైజర్ పెట్టమన్నరు.

తమ్ముడూ, రెండూ కొనకు. నువ్వు చెప్పిన మూడు లక్షణాలకు మూడు వేర్వేరు కారణాలున్నయి. మూడూ సెట్టింగుల్లోనే తేలుతయి.

కేబుల్ సంగతి: హెచ్‌డీఎంఐలో పోయేది అంకెల సిగ్నల్. పాత యాంటెనా వైరు లెక్క పాడైనకొద్దీ రంగు వెలిసిపోదు. కేబుల్ బాగలేకుంటే తెరమీద తెల్ల చుక్కలు మిణుకుమంటయి, బొమ్మ రెండు సెకన్లు నల్లబడి మళ్ల వస్తది, లేకుంటే ‘నో సిగ్నల్’ అని పడ్తది. నలుపు బూడిదయ్యుడు కేబుల్ చేసే పని కాదు. స్టెబిలైజర్ గూడ అంతే. ఎల్ఈడీ టీవీ వెనుక స్టిక్కర్ చూడు, చాలావాటి మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటది. కరెంటు మోటర్లు నడిచే వేళ వోల్టేజీ 190కి దిగినా లోపలి సప్లై సంభాళించుకుంటది, బొమ్మ వెలుగు మారదు. టీవీ కాలకుండ కాపాడుకోవడానికి పెట్టుకుంటే అది వేరే లెక్క.

అసలు కిరికిరి టీవీతోనే. షాపులో గోడమీద పక్క టీవీని ఓడించాలని దాన్ని అట్ల తయారుచేసి పంపుతరు: రంగులు కొట్టొచ్చినట్టు, అంచులు చెక్కినట్టు, కదలిక నూనె పూసినట్టు. సీరియల్‌కు, క్రికెట్ మ్యాచ్‌కు అది నడుస్తది. కన్సోల్ నుంచి వచ్చే బొమ్మ మాత్రం ముందే పూర్తిగ వండి వడ్డించింది. టీవీ దాంట్లో మళ్ల ఉప్పు, కారం వేస్తే రుచి చెడ్తది, పైగా వేసేందుకు టైమ్ పడ్తది. అందుకే నీ పనంతా ఒక్కటే: వచ్చింది వచ్చినట్టు చూపియ్యమని టీవీకి చెప్పుడు. పోర్టు, సిగ్నల్, గేమ్ మోడ్, నలుపు, ఆఖరుకు హెచ్‌డీఆర్, ఈ వరుసలోనే పో. టీవీ ప్రతి పిక్చర్ మోడ్‌కూ వేర్వేరు అంకెలు గుర్తుపెట్టుకుంటది. ముందు రంగులు సరిచేసి తర్వాత గేమ్ మోడ్‌లోకి పోతే, చేసిందంతా పాత మోడ్‌లోనే ఉండిపోతది.

మొదలు టీవీ వెనుకకు పో. హెచ్‌డీఎంఐ పోర్టులన్నీ ఒక్క తీరు ఉండవు. పోర్టు పక్కన ‘4కే 120’ అనో ‘4కే 144’ అనో ‘గేమ్’ అనో అచ్చు ఉంటే కన్సోల్ దానికే పెట్టాలె. ‘ఏఆర్‌సీ’ లేదా ‘ఈఏఆర్‌సీ’ అని రాసింది సౌండ్‌బార్‌కు. కొన్ని టీవీల్లో మంచి పోర్టు, ఈఏఆర్‌సీ పోర్టు ఒక్కటే అయి కూర్చుంటది. రెండు మంచి పోర్టులుంటే బార్‌ను ఈఏఆర్‌సీకి, కన్సోల్‌ను రెండోదానికి పెట్టు. కన్సోల్ వైరును సౌండ్‌బార్‌లో నుంచి టీవీకి తీసుకపోకు. బార్ పాతదైతే 120 హెర్ట్జ్ (సెకనుకు 120 సార్లు బొమ్మ మారుడు), వీఆర్ఆర్ (గేమ్ వేగాన్ని బట్టి తెర వేగం మారుడు) రెండూ అక్కడనే ఆగిపోతయి.

పోర్టు మంచిదైతే సరిపోదు, దాన్ని తెరవాలె గూడ. చానా టీవీల్లో పోర్టు పాత వేగంతోనే మొదలైతది. సామ్‌సంగ్‌లో దీన్ని ‘ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్’ అంటరు, ఎల్‌జీలో ‘హెచ్‌డీఎంఐ డీప్ కలర్’, సోనీలో ‘హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్’, దాంట్లో ‘ఎన్‌హాన్స్‌డ్’. వేరే కంపెనీల్లో హెచ్‌డీఎంఐ 1.4, 2.0, 2.1 అని అంకెలే ఉంటయి, టీవీ ఇచ్చేదాంట్లో పెద్దది ఎంచుకో. ఇది పోర్టు పోర్టుకూ వేరే. 1లో ఆన్ చేసి కన్సోల్‌ను 2కు పెడితే ఫాయిదా లేదు.

ఎందుకింత పట్టింపు అంటే, హెచ్‌డీఎంఐ 1.4లో సెకనుకు 10.2 గిగాబిట్లు పడ్తయి, 2.0లో 18, 2.1లో 48. 4కే బొమ్మ సెకనుకు 60 సార్లు, మామూలు 8 బిట్ల రంగుతో పోవాలంటే 17.82 కావాలె. అంటే 2.0 పైపు అంచుదాకా నిండింది. హెచ్‌డీఆర్‌కు 10 బిట్లు కావాలె, పూర్తి రంగుతో అది 22 దాటుతది, పట్టదు. అప్పుడు కన్సోల్ తనే రంగు వివరం కొంత తగ్గించి 4:2:2 అనే రూపంలో పంపుతది. గేమ్‌లో ఆ తేడా కంటికి దొరకదు. పోర్టును పాత వేగంలోనే వదిలేస్తే మాత్రం రంగు ఇంకా సగం కోసేస్తది, హెచ్‌డీఆర్ దొరకదు. దీన్ని పట్టుకునే ఉపాయం: మెనూలో నల్ల నేపథ్యం మీద సన్న ఎర్ర అక్షరాలు దగ్గరికి పోయి చూడు. అంచులు నీళ్లల్ల తడిసిన సిరా లెక్క అల్లుకపోతే రంగు కోత పడ్తున్నట్టే.

పోర్టు తెరిచినంక పీఎస్ 5 రీస్టార్ట్ చెయ్. సెట్టింగ్స్‌లో ‘స్క్రీన్ అండ్ వీడియో’లోకి, అక్కడి నుంచి ‘వీడియో ఔట్‌పుట్’లోకి పో. రిజల్యూషన్ ఆటోమేటిక్‌లో ఉండనీ. ఇప్పుడు ఏ సిగ్నల్ పోతున్నదో అక్కడనే చూపిస్తది: 3840×2160, 60 హెర్ట్జ్, ఆర్‌జీబీనో వైయూవీ 422నో (ఇవి రంగు పంపే పద్ధతులు). 4కే టీవీకి 1920×1080 పోతున్నట్టు కనిపిస్తే మెనూల్లో ఇంకేం ముట్టకు, వెనక్కి పోయి పోర్టు సంగతే చూడు. ఎక్స్‌బాక్స్ అయితే జనరల్‌లో ‘టీవీ అండ్ డిస్‌ప్లే ఆప్షన్స్’, దాంట్లో ‘4కే టీవీ డీటెయిల్స్’. నీ టీవీ ఏం తీసుకుంటదో, ఏది తీసుకోదో ఒక్కొక్కటే టిక్కు పెట్టి చూపిస్తది. ఈ పేజీ విషయంలో ఎక్స్‌బాక్స్‌కే మార్కులు.

ఇగ గేమ్ మోడ్. నీ బ్యాటు ఆలస్యానికి జవాబు ఇదే. మామూలు మోడ్‌లో టీవీ వచ్చిన ఫ్రేమ్‌ను పట్టుకుని, ముందు వెనుక ఫ్రేములతో పోల్చి, మధ్యలో కొత్తవి పుట్టించి, అప్పుడు చూపిస్తది. అట్ల 100 మిల్లీ సెకన్ల దాకా పోవచ్చు. గేమ్ మోడ్‌లో ఆ పని మానేస్తది, మంచి టీవీల్లో 10 నుంచి 20 మిల్లీ సెకన్లకు దిగుతది. క్రికెట్ లెక్కలోనే చెప్పుకుందాం: క్రీజు నుంచి క్రీజుకు 17.68 మీటర్లు. 140 కిలోమీటర్ల బంతి దాన్ని 0.45 సెకన్లలో దాటుతది. అందులో 0.1 సెకను టీవీయే మింగితే నీకు మిగిలింది 0.35. టైమింగ్ తప్పుడు నీ వేలి తప్పు కాదు.

సామ్‌సంగ్‌లో ‘ఎక్స్‌టర్నల్ డివైస్ మేనేజర్’లోనో ‘గేమ్ మోడ్ సెట్టింగ్స్’లోనో, ఎల్‌జీలో ‘గేమ్ ఆప్టిమైజర్’లో, సోనీలో పిక్చర్ మోడ్‌లనే ‘గేమ్’. టీవీలో ఏఎల్ఎల్ఎం అనే సౌకర్యం ఉంటే కన్సోల్ ఆన్ కాంగనే టీవీ తనంత తనే గేమ్ మోడ్‌కు మారుతది. లేకుంటే చేత్తో పెట్టు. గేమ్ మోడ్‌లో రంగులు జర చప్పగ అనిపిస్తయి. అది లోపం కాదు, ఇన్నిరోజులు చూసిందే ఎక్కువ. మోడ్ మారినంక గూడ కొన్ని దొంగలు లోపల మిగిలి ఉంటయి: నాయిస్ రిడక్షన్, డైనమిక్ కాంట్రాస్ట్, మోషన్ పేరుతో ఉన్నవన్నీ, కలర్ ఎన్‌హాన్సర్. అన్నీ బంద్. పవర్ సేవింగ్, గది వెలుతురును బట్టి మారే సెన్సర్ గూడ బంద్. గేమ్‌లో గుహలోకి పోంగనే తెరంతా మెల్లగ మసకబారి, బయటికి రాంగనే మళ్ల వెలుగుతున్నదంటే ఈ జాతిదే ఏదో ఇంకా ఆన్‌లో ఉన్నట్టు.

షార్ప్‌నెస్ గురించి వేరే చెప్పాలె, ఎందుకంటే అంకె ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు. సామ్‌సంగ్‌లో 0 అంటే ఏం కలపకుండ ఉన్నది ఉన్నట్టు. సోనీలో అదే సంగతి 50 దగ్గర ఉంటది, 0 పెడితే ఉల్టా మసకబారుతది. ఎల్‌జీలో 0 నుంచి 10 మధ్య. అంకెను నమ్మకు, కన్నును నమ్ము. కన్సోల్ మెనూలో అక్షరాలున్న పేజీ తెరిచి, తెరకు జానెడు దూరంలో కూసో. అక్షరం చుట్టూ సన్నటి తెల్ల గీత, ముగ్గు చుట్టూ ఇంకో ముగ్గు వేసినట్టు కనిపిస్తదా? అది బొమ్మలో లేదు, టీవీ గీసింది. ఆ గీత మాయమయ్యేదాకా తగ్గించు, అక్కడ ఆగు. మళ్ల నీ జాగలో కూసుంటే మొదటి రోజు మెత్తగ అనిపిస్తది. గడ్డి, వెంట్రుకలు, వలకంచె ఉన్న సీన్లలో మిలమిల పోయిందని గమనిస్తే ఎందుకు తీసినమో తెలుస్తది.

ఇప్పుడు నీ అసలు ఫిర్యాదు, సున్నపు తేట. ఇది నలుపు లెక్క తప్పుడే. సిగ్నల్‌లో నలుపును చెప్పే పద్ధతులు రెండున్నయి. ఫుల్ పద్ధతిలో నలుపు 0, తెలుపు 255. లిమిటెడ్ పద్ధతిలో నలుపు 16, తెలుపు 235. కన్సోల్ 16 పంపి ‘ఇది నలుపు’ అంటున్నది, టీవీ 0ని నలుపు అనుకుంటున్నది. దానికి 16 అంటే ముదురు బూడిద. అందుకే నీ బొమ్మ మొత్తం మీద పలుచటి తెల్ల పొర. దీనికి ఉల్టా గూడ అయితది: కన్సోల్ 0 పంపుతుంటే టీవీ 16 దగ్గరనే నలుపు కట్ చేస్తే, చీకట్ల ఉన్నవన్నీ కలిసిపోయి తారు పూసినట్టు అయితది. చానామంది ఈ రెండోదాన్ని చూసి ‘అబ్బ, నలుపు ఎంత చిక్కగున్నది’ అని మురుస్తరు. గేమ్‌లో మూలకు నక్కిన శత్రువు కనపడక చచ్చినప్పుడు తెలుస్తది.

పీఎస్ 5లో ‘ఆర్‌జీబీ రేంజ్’ ఆటోమేటిక్‌లో పెట్టు. టీవీలో సామ్‌సంగ్ అయితే ‘హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్’, ఎల్‌జీ అయితే ‘బ్లాక్ లెవెల్’, సోనీ అయితే ‘హెచ్‌డీఎంఐ వీడియో రేంజ్’, అది గూడ ఆటో. నూటికి తొంభై ఇక్కడనే తేలిపోతది. నీ దోస్తు ఇంట్లో జరిగింది ఇదే అయి ఉంటది: రెండు దిక్కులా ఆటో ఉండి, ఎవ్వరూ ముట్టక, దానంతట అదే కుదిరింది. ఆటో కుదరకుంటే చేత్తో జోడీ కట్టు. కన్సోల్ ఫుల్ అయితే టీవీలో సామ్‌సంగ్‌కు ‘నార్మల్’, ఎల్‌జీకి ‘హై’. కన్సోల్ లిమిటెడ్ అయితే రెండింటికీ ‘లో’. ఈ ఆప్షన్ మసకబారి నొక్కనీయకుంటే పరేషాన్ కాకు. సిగ్నల్ ఆర్‌జీబీ కాకుండ వైయూవీలో వస్తున్నదన్నట్టు, అక్కడ ఈ గొడవే లేదు.

కుదిరిందో లేదో చూసేందుకు రాత్రి లైట్లు తీసేసి, ఏదన్నా గేమ్‌లో చీకటి సీన్ పెట్టు. నల్ల గొంగడి కప్పుకుని ఒక మనిషి రాత్రిపూట నిలబడ్డడనుకో. గొంగడి మడతలు లీలగ కనిపించాలె, వెనుక ఆకాశం అంతకంటే నల్లగ ఉండాలె. గొంగడి బూడిద రంగులో తేలుతుంటే మొదటి తప్పు. గొంగడీ ఆకాశమూ ఒక్కటైపోయి మనిషి ముఖం మాత్రమే గాలిలో ఉన్నట్టుంటే రెండో తప్పు. ఇది సరయ్యేదాకా బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ ముట్టకు. తప్పు జోడీని బ్రైట్‌నెస్‌తో సరిచెయ్యబోతే నలుపు నల్లగ అయితది గాని దాని మీది మెట్లన్నీ చెదిరిపోతయి.

బ్రైట్‌నెస్ అనే పేరే ఒక లొల్లి. కొన్ని టీవీల్లో ఆ పేరు బ్యాక్‌లైట్‌కు, అంటే తెర వెనుక దీపం ఎంత వెలగాలన్నదానికి. సోనీలో అంతే, నలుపును మార్చేది అక్కడ ‘బ్లాక్ లెవెల్’. పాత టీవీల్లో బ్రైట్‌నెస్ అంటేనే నలుపు మార్చేది. ఏదో తెలియాలంటే నలుపు, తెలుపు రెండూ ఉన్న తెర పెట్టి పెంచు, తగ్గించు. నలుపు మాత్రమే బూడిదకు మారితే నలుపు మీట, తెలుపు మెరుపు మారితే దీపం మీట. దీపం నీ ఇష్టం. మన ఇండ్లల్ల తలుపు తీస్తే వాకిలి వెలుగంతా హాల్లోకి, టీవీ మీదికి. పగలు పూర్తిగ పెంచుకో, రాత్రి సగానికి తగ్గించు. నలుపు మీటను ఒక్కసారి పెట్టినంక ముట్టకు.

కలర్ టెంపరేచర్ ‘వార్మ్’ పెట్టు. మొదటి రెండు రోజులు పసుపు కొట్టినట్టు ఉంటది, ఇంట్లోవాళ్లు తిడ్తరు. గేమ్ తయారుచేసినవాళ్లు 6500 కెల్విన్ తెలుపు చూసి రంగులు కలిపిన్రు. కూల్‌లో ఉన్న టీవీ దానికంటే చానా నీలంగ ఉంటది. మన ఇంట్లో పెట్టుకునే ‘కూల్ డేలైట్’ ట్యూబ్‌లైట్ల మీద గూడ 6500 అని రాసి ఉంటది, చూడు. టీవీ వెనుక గోడ మీద వెలుగు పడేటట్టు ఆ రకం ఎల్ఈడీ పట్టీ ఒకటి పెడితే, రాత్రి కండ్లు లాగవు, నలుపు ఇంకింత నల్లగ అనిపిస్తది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

హెచ్‌డీఆర్ దగ్గరికొద్దాం. నేను సూటిగ చెప్తున్న, నీ టీవీ మామూలు శ్రేణిదైతే హెచ్‌డీఆర్ బంద్ చేసుకుని ఆడు. డబ్బా మీద ‘హెచ్‌డీఆర్ 10’ అని రాసుడంటే ఆ సిగ్నల్‌ను అది తీసుకుంటదని మాత్రమే, చూపించగలదని కాదు. హెచ్‌డీఆర్ సిగ్నల్‌లో వెలుగును నిట్స్ లెక్కలో చెప్తరు, కొలబద్ద 10,000 దాకా ఉంటది. గేములు మామూలుగ 1000 అట్లా ఆశించి సూర్యుణ్ణి, మంటను, కత్తి మెరుపును పెడ్తయి. 300, 350 నిట్స్ దగ్గర ఆగిపోయే టీవీ ఏం చెయ్యాలె? ఆ 1000ని తన 300లోకి కుదించాలె. కుదిస్తే మధ్యలో ఉన్న ముఖాలు, గోడలు, గడ్డి అన్నీ కిందికి దిగుతయి. అదే నీకు కనిపించిన చీకటి. పైగా మామూలు బొమ్మకు దీపం నువ్వు పెంచుకోవచ్చు. హెచ్‌డీఆర్‌లో టీవీ ముందే దీపాన్ని పూర్తిగ ఎక్కించి కూర్చుంటది, ఇగ పెంచేందుకు ఏం మిగలదు. తెర వెనుక దీపం భాగాలుగ ఆరి వెలిగే లోకల్ డిమ్మింగ్ లేకుంటే నలుపు గూడ దీంతో పాటే తేలుతది. రెండు దిక్కులా నష్టం.

ఇంకో మాట. పీఎస్ 5లో హెచ్‌డీఆర్‌కు ‘ఆల్వేస్ ఆన్’, ‘ఆన్ వెన్ సపోర్టెడ్’ అని ఉంటయి. మొదటిది పెడితే హెచ్‌డీఆర్ లేని పీఎస్ 4 గేములు, మెనూలు గూడ బలవంతంగ హెచ్‌డీఆర్ డబ్బాలో పెట్టి పంపుతది. ఆడేది ఏదైనా నీకు చప్పగ ఉన్నదంటే ముందు దీన్ని రెండోదానికి మార్చు.

టీవీ నిజంగ 600, 700 నిట్స్ పైన వెలిగేదో, ఓఎల్ఈడీనో (ప్రతి చుక్క తనంత తనే వెలిగే తెర) అయితే మాత్రం హెచ్‌డీఆర్ వదులుకోకు, సరిగ్గ కొలత పెట్టుకో. ముందు హెచ్‌డీఆర్ గేమ్ నడుస్తున్నప్పుడే టీవీ మెనూ తెరువు, ఎందుకంటే హెచ్‌డీఆర్‌కు సెట్టింగులు వేరుగ ఉంటయి. దీపం పూర్తిగ, లోకల్ డిమ్మింగ్ ‘హై’, టోన్ మ్యాపింగ్‌లో (వెలుగును టీవీ స్థాయికి కుదించే సెట్టింగులో) ‘హెచ్‌జీఐజీ’ ఉంటే అది. హెచ్‌జీఐజీ అంటే కుదించే పని టీవీ మానుకుని కన్సోల్‌కు వదిలేసుడు. ఆ తర్వాతనే పీఎస్ 5లో ‘అడ్జస్ట్ హెచ్‌డీఆర్’ పెట్టు. మూడు తెరలు వస్తయి. మొదటి రెండింట్లో మధ్యలో ఉన్న గుర్తు నేపథ్యంలో కరిగి ఇప్పుడో అప్పుడో కనపడనట్టయ్యేదాకా వెలుగు పెంచు, అక్కడ ఆగు. అక్కడినుంచి ఇంకా పెంచితే మబ్బుల్లోని పొరలు తెల్ల కాగితం అయిపోతయి. మూడోది నలుపుది, గుర్తు లీలగ కనిపించేటంత ఉంచు. ఓఎల్ఈడీ అయితే పూర్తిగ కిందికి దించు. టోన్ మ్యాపింగ్ తర్వాత మారిస్తే ఈ కొలత మొత్తం మళ్ల చెయ్యాలె. కొన్ని గేములు లోపల తమ సొంత హెచ్‌డీఆర్ కొలత అడుగుతయి, అక్కడ గరిష్ఠ వెలుగు దగ్గర టీవీ స్థాయి అంకెనే ఇయ్యి. 4000 ఇస్తే ఏం గొప్పగ రాదు, ఆకాశం తెల్లబోతది.

4కే అని పట్టుబట్టేవాళ్లకు ఒక లెక్క. 55 ఇంచుల 4కే తెరలో ఒక్కో చుక్క 0.32 మిల్లీమీటర్లు. మామూలు చూపున్నవాళ్లు దాన్ని విడిగ గుర్తుపట్టాలంటే మీటరు దగ్గరికి రావాలె. 1080 చుక్క దానికి రెట్టింపు, అది గూడ 7 అడుగులు దాటితే కలిసిపోతది. మన హాళ్లల్ల సోఫాకు టీవీకి 10, 12 అడుగులుంటది. అంత దూరం నుంచి 4కేకు, 1440కి తేడా పట్టేటోళ్లు తక్కువ. 30 ఫ్రేములకు, 60 ఫ్రేములకు తేడా మాత్రం పిల్లలు గూడ పట్టేస్తరు. అందుకే పీఎస్ 5 సెట్టింగ్స్‌లో ‘గేమ్ ప్రీసెట్స్’కు పోయి ఫ్రేములకు పెద్దపీట వేసే ‘పర్ఫార్మెన్స్ మోడ్’ ఎంచుకో. ఇది నేను గట్టిగ చెప్పే మాట.

120 హెర్ట్జ్‌లో మోసపోయేది డబ్బా మీద. ‘120 హెర్ట్జ్ ఎంఈఎంసీ’ అంటే 60 హెర్ట్జ్ ప్యానెల్ మీద మధ్య ఫ్రేములు పుట్టించే పని అయి ఉండొచ్చు. గేమ్ మోడ్‌లో మనం తీసేసేదే అది. నిజమైన 120 అయితే కన్సోల్ సిగ్నల్ వివరాల్లోనే 120 కనిపిస్తది. వీఆర్ఆర్ పీఎస్ 5లో 48 నుంచి 120 మధ్య నడుస్తది. 60 హెర్ట్జ్ టీవీ ఉన్నోళ్లు దాని గురించి ఆలోచించే పనిలేదు. ఉన్నోళ్లకు చీకటి సీన్లలో వెలుగు వణికినట్టుంటే, ఆ ఒక్క గేమ్‌కు వీఆర్ఆర్ తీసేస్తే సరి. కేబుల్ ఇక్కడ లెక్కకొస్తది: పీఎస్ 5 డబ్బాలో వచ్చినదే ‘అల్ట్రా హై స్పీడ్’ రకం, దాన్ని పారేసి బంగారు పూతది కొనకు. పొడుగు కావాలంటే క్యూఆర్ స్టిక్కర్ ఉన్న సర్టిఫైడ్‌ది తీసుకో, 3 మీటర్లు దాటితే మామూలు రాగి కేబుల్ ఈ వేగానికి ఆగకపోవచ్చు. చుక్కలు, ఆగి ఆగి నల్లబడుడు ఉంటే పీఎస్ 5లో ‘4కే ట్రాన్స్‌ఫర్ రేట్’ను ‘-1’, అప్పటికీ పోకుంటే ‘-2’కు దించి చూడు. ఆగిపోయిందంటే తప్పు కేబుల్‌దో పోర్టుదో అని తేలింది. ఏదో మార్చి తెర మొత్తానికే రాకుండ పోతే, పీఎస్ 5 ఆఫ్ చేసి, పవర్ బటన్‌ను రెండో బీప్ దాకా, దాదాపు 7 సెకన్లు, ఒత్తిపట్టు. కంట్రోలర్‌ను యూఎస్‌బీ వైరుతో పెట్టి, రెండో ఆప్షన్‌లో వీడియో ఔట్‌పుట్ మార్చుకో.

32 ఇంచుల ‘హెచ్‌డీ రెడీ’ టీవీకి పీఎస్ 4 పెట్టుకున్నోళ్లు మన దిక్కు ఎక్కువే, వాళ్లకు రెండు మాటలు. ఆ ప్యానెల్ మామూలుగ 1366×768. కన్సోల్‌కు అట్లాంటి సైజే లేదు, 720నో 1080నో పంపుతది, టీవీ సాగదీసో కుదించో సరిపెడ్తది. రెండూ పెట్టి చూడు, చాలాసార్లు 1080 పంపితేనే అక్షరాలు మెరుగ్గ వస్తయి. స్కోరు, మ్యాపు తెర అంచుల్లో తెగిపోతుంటే అది ఓవర్‌స్కాన్, పాత రోజుల అలవాటు. దాన్ని కన్సోల్‌లో ‘డిస్‌ప్లే ఏరియా’ తగ్గించి కాదు, టీవీలో సరిచెయ్: ‘జస్ట్ స్కాన్’, ‘ఫిట్ టు స్క్రీన్’, ‘ఫుల్ పిక్సెల్’, ‘1:1’, ఏ పేరు ఉంటే అది. కన్సోల్‌లో తగ్గిస్తే టీవీ సాగదీసుడు ఆగదు, బొమ్మ మసకనే ఉంటది. నింటెండో స్విచ్‌లో గూడ స్క్రీన్ సైజు 100 శాతంలోనే ఉంచి టీవీలో చూసుకో.

పీఎస్ 2 ఇంకా అటక మీదినుంచి దించేటోళ్లున్నరు కాబట్టి: కొత్త టీవీల్లో మూడు రంగుల సాకెట్ల బదులు ఒక చిన్న ఏవీ రంధ్రం ఉంటది. దానికి దొరికే జంపర్ వైరులన్నీ లోపల ఒక్క తీరు కలిపి ఉండవు. బొమ్మ రాక బుర్రుమని శబ్దమొస్తే టీవీ పోలేదు. పసుపు పిన్నును మూడు చివరల్లోనూ మార్చి మార్చి పెట్టు. బొమ్మ మసకనే ఉంటది, పసుపు వైరు ఇచ్చేది అంతే. పీఎస్ 2 వెనుక నేరుగ గుచ్చే చిన్న హెచ్‌డీఎంఐ అడాప్టర్ సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల అడిగి తెచ్చుకుంటే చానా మెరుగు. కాని ముందు పసుపు వైరుతోనే ఉండంగ సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో ‘కాంపోనెంట్ వీడియో ఔట్’ను ఆర్‌జీబీ నుంచి రెండోదానికి, ‘వై సీబీ సీఆర్’ అని ఉన్నదానికి మార్చి పెట్టు. మార్చకుంటే రంగులు తప్పుగ వస్తయి. టీవీలో 4:3 ఎంచుకో, లేకుంటే ఆటగాళ్లందరూ పొట్టిగ, బొద్దుగ కనిపిస్తరు. డబ్బా టీవీ ఇంకా పనిచేస్తుంటే దాన్ని తుక్కుకు వేయకు, ఈ గేములు దాని మీదనే అందంగ ఉంటయి.

ఆఖరుకు కరెంటు. పీఎస్ 5, చానా టీవీలు రెండు పిన్నుల ప్లగ్గువే, ఎర్తింగ్ వాటి ద్వారా రాదు. అందుకే హెచ్‌డీఎంఐ మెటల్ ముట్టుకుంటే చేతికి సన్నగ జిల్లుమంటది. అదే లీకేజీ వైరు గుచ్చేటప్పుడు పోర్టు లోపల చిన్న నిప్పురవ్వ అయితది. డిష్ కేబుల్ గూడ టీవీకి పెట్టి ఉంటే, మే, జూన్ ఉరుములప్పుడు పై నుంచి వచ్చే పిడుగు కరెంటు దాంట్లో నుంచే వస్తది. హెచ్‌డీఎంఐ పెట్టేటప్పుడు, తీసేటప్పుడు టీవీని, పీఎస్ 5ను రెండింటినీ గోడ స్విచ్ దగ్గర ఆఫ్ చెయ్. వాన మబ్బు కమ్మితే డిష్ వైరు గూడ పీకెయ్. ఎండకాలం మన దిక్కు గది వేడి ఇంట్లోనే 38, 40 దాటుతది, పీఎస్ 5కు కంపెనీ చెప్పిన హద్దు 35 డిగ్రీలు. టీవీ కింద గూట్లో దూర్చకుండ నాలుగు దిక్కులా జానెడు ఖాళీ వదులు. మిల్లుల దిక్కు ఊక దుమ్ము ఎక్కువ గనుక నెలకోసారి పక్క పలకలు తీసి, దుమ్ము పట్టే రంధ్రాల దగ్గర వ్యాక్యూమ్ పెట్టు. వేడెక్కితే బొమ్మ చెడదు, ఫ్యాన్ మోగుతది, వార్నింగ్ వచ్చి కన్సోల్ ఆగిపోతది.

ఇంతా చేసినంక గూడ సున్నపు తేట పోకుంటే టీవీ మోడల్ నంబరు, పీఎస్ 5 సిగ్నల్ వివరాల పేజీలో ఉన్న మాటలు ఉన్నట్టు రాసి పంపు, దాన్నిబట్టి చెప్త.